పుట్టినరోజు ఫోటోలో పడని బాత్రూమ్

ఎడిటర్ గారికి నమస్కారమండి,

పోయిన వారం మీ సిటీ పేజీలో కింద మూలన ఒక ఫోటో వచ్చింది, ఎవరో వాళ్ళ బాబు మొదటి పుట్టినరోజు వృద్ధాశ్రమంలో చేశారు, కేకు, అరటిపళ్ళు, వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టిన పెద్దవాళ్ళు, తలా ఒక ప్లేటు. మంచి పనే, తప్పు పట్టట్లేదు, మా నాన్నగారి సంవత్సరీకానికి మేమూ అలాగే ఒక పూట భోజనాలు పెట్టించి ఫోటోలు దిగి వచ్చాం. కానీ ఈసారి నా చూపు కేకు మీదకి పోలేదు, వెనకాల మెట్ల దగ్గరకి పోయింది. మెట్ల కింద రెండు గ్యాస్ సిలిండర్లు, వాటిని ఆనుకుని ఇన్వర్టర్ బ్యాటరీ, మెట్ల మొదట్లో ఇనప గ్రిల్ గేటు, దానికి తాళం. పట్టపగలు, ఇంటినిండా జనం ఉండగా తాళం.

ఇంతకుముందైతే నాకూ ఇవేవీ కనపడేవి కాదు. మా పిన్ని పడ్డాక కనపడుతున్నాయి.

పిన్ని గవర్నమెంటు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా చేసి రిటైరైంది. పిల్లల్లేరు. బాబాయి పోయాక రెండేళ్ళు ఒక్కతే ఉంది, మా ఇంటికి రమ్మంటే "మీ ఇంట్లో మీరు గుసగుసగా మాట్లాడుకునే రోజు రాకముందే నా దారి నేను చూసుకుంటానే, పెన్షన్ ఉందిగా" అని తనే నాలుగు హోమ్‌లు తిరిగి ఒకటి ఎంచుకుంది. సిటీ శివార్లలో కాలనీ, అందులో రెండంతస్తుల ఇండిపెండెంట్ ఇల్లు, అద్దెకి తీసుకుని హోమ్ చేశారు, నెలకి 18 వేలు, మందులు డైపర్లు మనవే. ఓనరమ్మ మంచావిడ, ఈ మాట ముందే రాయాలి, ఒకప్పుడు నర్సుగా చేసింది, సంక్రాంతికి అందరికీ చీరలు పెడుతుంది, ఎవరి పిల్లలైనా డబ్బులు లేటు చేస్తే పెద్దవాళ్ళని రోడ్డు మీద పెట్టదు. కాబట్టి నేను రాసేది దుర్మార్గుల గురించి కాదండి. దుర్మార్గుల సంగతి పేపర్లో ఎలాగూ వస్తుంది. 2020 జనవరిలో కీసర దగ్గర నాగారంలో పర్మిషన్ లేని హోమ్‌లో మనుషుల్ని గొలుసులతో కట్టేశారని తెలిసి పోలీసులు వెళ్ళి డెబ్బై మందికి పైగా బయటికి తెచ్చారు, అందరం వారం రోజులు అయ్యో అనుకుని ఊరుకున్నాం. మంచివాళ్ళు నడిపే హోమ్‌లో జరిగేది మాత్రం వార్త అవదు. బాత్రూమ్‌లో ఒక ముసలావిడ జారిపడింది, అంతేగా.

రాత్రి రెండున్నరకి లేచిందట. కరెంటు లేదు, ఇన్వర్టర్ హాల్లో లైటుకి మాత్రమే కలిపారు. బాత్రూమ్‌లో నున్నటి టైల్స్, గుమ్మానికి మూడంగుళాల గట్టు, పట్టుకోడానికి గోడకి ఒక్క రాడ్డు లేదు, ఎవరో బకెట్ అడ్డంగా పెట్టి వెళ్ళారు. పడింది. ఆ రాత్రి ఇంట్లో ఉన్నది పద్దెనిమిది మంది పెద్దవాళ్ళు, ఒక్క ఆయమ్మ, ఆ ఆయమ్మ పై అంతస్తులో మంచం పట్టిన ఒకాయనకి గుడ్డలు మార్చి అక్కడే కింద చాప మీద వాలిపోయింది. పిన్ని పిలిచిందట, అరిచిందట, గొంతు పోయాక చేతికందిన మగ్గుతో నేల మీద కొడుతూ ఉందట. ప్లాస్టిక్ మగ్గు. పొద్దున్న అయిదున్నరకి కాఫీ ఇవ్వడానికి వచ్చినప్పుడు చూశారు, అంటే మూడు గంటలు తడి నేల మీద ఉంది. నాకు ఫోన్ ఎనిమిది దాటాక వచ్చింది, "కొంచెం జారారు మేడమ్, కంగారు పడకండి, బామ్ రాశాం" అని. నేను వెళ్ళేసరికి కుర్చీలో కూర్చుని ఉంది, ఎదురుగా స్టూల్ మీద ఇడ్లీ ప్లేటు, సగం తిన్న ఇడ్లీ. మొహం తెల్లగా పాలిపోయింది కానీ నోరు తెరిచి నొప్పి అనలేదు, చిన్నప్పటి నుంచీ అంతే ఆవిడ. ఎక్స్‌రే తీస్తే తుంటి ఎముక విరిగింది. విరిగిన తుంటితో ఇద్దరు చంకల కింద చేతులేసి లేపి, నడిపించి, కూర్చోబెట్టి టిఫిన్ పెట్టారు. అలా లేపకూడదని, కదపకుండా ఉంచి 108 కి ఫోన్ చేయాలని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే ఆపరేషన్ చేసిన డాక్టర్ గారు అనేదాకా నాకూ తెలీదు.

ఆ రోజు ఆ ఆయమ్మ మీద నోటికొచ్చినట్టు అరిచాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మనిషి, ఉండడం తిండి పోను నెలకి 12 వేలు, పగలు డ్యూటీ రాత్రి డ్యూటీ అని వేరే లేవు, పొద్దున్నుంచి స్నానాలు చేయించి, గుడ్డలు ఉతికి, వంటమనిషి రాకపోతే వంటా చేసి రాత్రి మళ్ళీ అదే మనిషి కాపలా. మంచం మీద ఉన్నవాళ్ళని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు మీద పుళ్ళు పడతాయి, ఇది నర్సింగ్ చదివిన ఎవర్ని అడిగినా చెప్తారు. ఆ ఇంట్లో అలాంటివాళ్ళు అయిదుగురు. రాత్రి తొమ్మిది నుంచి తెల్లారి అయిదు దాకా లెక్కేసుకోండి, ఇరవైసార్లు తిప్పాలి, మధ్యలో డైపర్లు, మధ్యలో ఒకావిడ లేచి మా ఊరు పోతానని గేటు దగ్గరకి వెళ్తుంది ఆవిణ్ణి పట్టుకురావాలి, ఇవన్నీ చేసి కింద ప్లాస్టిక్ మగ్గు చప్పుడు కూడా వినాలి అంటే ఎవరి వల్ల అవుతుంది.

తర్వాత సామాను తెచ్చుకోడానికి వెళ్ళినప్పుడు ఆ ఇంటిని మొదటిసారి సరిగ్గా చూశాను. రెండేళ్ళుగా నెలకి రెండుసార్లు వెళ్ళిన ఇల్లే. మాత్రలు ఐస్‌క్రీమ్ డబ్బాల్లో ఉన్నాయి, డబ్బా మీద ప్లాస్టర్ ముక్క, దాని మీద పెన్నుతో పేరు. ఇద్దరు లక్ష్ములు ఉన్నారు, లక్ష్మి 1, లక్ష్మి 2, ఒకావిడకి షుగర్, ఒకావిడకి బీపీ, చేతి చెమటకి అంకె చెరిగిపోయి రెండు డబ్బాలూ వట్టి లక్ష్మిలే అయ్యాయి. ఎవరిది ఏదని అడిగితే "మూత పగిలింది పెద్ద లక్ష్మమ్మ గారిదండి" అంది ఆయమ్మ. మూత మారిస్తే? ఇన్సులిన్ ఫ్రిజ్ డోర్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టారు, కరెంటు పోతే ఫ్రిజ్‌కి ఇన్వర్టర్ లేదు.

పిన్ని గది పది బై పన్నెండు, నాలుగు మంచాలు. మనిషికి 30 చదరపు అడుగులు. 2007 సీనియర్ సిటిజన్ల చట్టం కింద నిరుపేద వృద్ధుల హోమ్‌లకి కేంద్రం రాసిచ్చిన మోడల్ రూల్స్‌లో పడగ్గదిలోనే మనిషికి 7.5 చదరపు మీటర్లు ఉండాలని ఉంది, అంటే దగ్గర దగ్గర 80 అడుగులు. ఏమీ లేనివాళ్ళకి 80 అని కాగితం మీద ఉంది, నెలకి 18 వేలు కట్టిన పిన్నికి 30. ఆ మంచాల మధ్య వాకర్ పట్టదు. అందుకే రాత్రిపూట వాకర్ బయట హాల్లో పెట్టేవాళ్ళట, ఆ రాత్రి కూడా హాల్లోనే ఉంది, పిన్ని గోడ పట్టుకుని వెళ్ళింది.

ఇంకొకటి, కింద గదులకి రేటు ఎక్కువ, పైన తక్కువ. లిఫ్ట్ లేదు. దాంతో ఏమవుతుందంటే మంచం మీంచి లేవలేనివాళ్ళందరినీ పై అంతస్తులో పెట్టారు, "వాళ్ళు ఎలాగూ నడవరు కదా మేడమ్" అన్నారు. వినడానికి సబబుగానే ఉంది, మంటలు వచ్చేదాకా. విజయవాడలో 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున హోటల్లో పెట్టిన కోవిడ్ సెంటర్లో మంటలొచ్చి 10 మంది పోయారు. మొన్న 2025 మే 18న మన చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక ఇంట్లో 17 మంది పోయారు, బయటికి రావడానికి ఒకటే ఇరుకు దారి. వాళ్ళలో నడవగలిగినవాళ్ళు కూడా ఉన్నారండి. తమిళనాడు ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న మానసిక రోగుల్ని ఉంచిన పాకలో 28 మంది కాలిపోయారు, కాళ్ళకి గొలుసులు ఉన్నాయి కాబట్టి లేచి పరిగెత్తలేకపోయారు. మన హోమ్‌లలో కాళ్ళకి గొలుసు లేదు, గేటుకి ఉంది.

గేటుకి తాళం ఎందుకేస్తారో నాకు తెలీక కాదు. మతిమరుపు ఉన్నవాళ్ళు అర్ధరాత్రి బయటికెళ్ళి మెయిన్ రోడ్డు మీద పడితే అది ఇంకో ఘోరం, మళ్ళీ మనమే ఓనర్‌ని తిడతాం. తాళం వేసుకోండి, కానీ చెవి ఎక్కడుంది? పిన్ని ఉన్న హోమ్‌లో ఒక చెవి ఓనరమ్మ ఇంట్లో, ఆవిడ ఇల్లు రెండు వీధుల అవతల, ఇంకోటి ఆయమ్మ కొంగుకి. ఆయమ్మ స్పృహ తప్పితే ఇంక అంతే. చెవి గేటు పక్కనే ఎత్తుగా మేకుకి తగిలిస్తే అయిపోయే పని, మేకు ఖరీదు ఎంత?

మరి దీన్ని చూసేవాళ్ళు ఎవరు అని నేను రెండు నెలలు తిరిగాను. ఒక ఆఫీసులో ఇది హాస్పిటల్ కాదు కదమ్మా మాకు రాదు అన్నారు, ఇంకో ఆఫీసులో మేం గ్రాంటు ఇచ్చే హోమ్‌లే చూస్తాం, ప్రైవేటువి మా లిస్టులో ఉండవు అన్నారు. ఫైర్ వాళ్ళ చట్టం ప్రకారం నివాస భవనమైతే 18 మీటర్లు దాటితేనే ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, అడుగుతారు, మన హోమ్‌లు రెండు మూడంతస్తుల ఇళ్ళాయె, కాగితం మీద అది ఇల్లే. తమాషా ఏంటంటే 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్ వృద్ధుల హోమ్‌లని ఇళ్ళతో కాకుండా హాస్పిటళ్ళు ఉన్న గ్రూపులోనే పెట్టింది. కోడ్ రాసినాయనకి తెలుసు ఇక్కడుండేవాళ్ళు పరిగెత్తలేరని. ఇంటి పన్ను రాసేవాళ్ళకి తెలీదు.

2007 చట్టం సెక్షన్ 19 లో ప్రభుత్వం జిల్లాకి కనీసం ఒక వృద్ధాశ్రమం, కనీసం 150 మంది పట్టేలా పెట్టవచ్చు అని ఉంది, అందులో ప్రమాణాలు ఎలా ఉండాలో రాష్ట్రం రాయవచ్చు అనీ ఉంది. ఆ "వచ్చు" దగ్గరే బండి ఆగింది. 2018 డిసెంబర్లో సుప్రీంకోర్టు ఏ జిల్లాలో ఎన్ని వృద్ధాశ్రమాలు ఉన్నాయో లెక్క తీయమని చెప్పాల్సి వచ్చింది, అంటే అప్పటికి లెక్క కూడా లేదన్నమాట. 2019 డిసెంబర్లో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు, పెద్దవాళ్ళ కేర్ హోమ్‌లన్నీ రిజిస్టర్ చేసుకోవాలి, కనీస ప్రమాణాలు పెడతాం అని. స్టాండింగ్ కమిటీకి వెళ్ళింది, రిపోర్టు వచ్చింది, బిల్లు మాత్రం పాస్ అవలేదు, 2024 లో ఆ లోక్‌సభతో పాటే పోయింది. అదే పిల్లల హోమ్ అయితే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు లేదా లక్షకి తగ్గని జరిమానా, రెండూ కూడా వేయొచ్చు. మా వీధి చివర మిర్చి బజ్జీల బండికి కూడా ఎఫ్ఎస్ఎస్ఏఐ, అదే ఆహార భద్రత వాళ్ళ రిజిస్ట్రేషన్ ఉండాలి. పద్దెనిమిది మంది పెద్దవాళ్ళని రాత్రంతా ఒక తాళం వెనకాల పెట్టే ఇంటికి బయట ఫ్లెక్సీ ఉంటే చాలు.

హెల్ప్‌లైన్ ఉంది, 14567, ఎల్డర్‌లైన్ అంటారు. నేను చేశాను, మర్యాదగా మాట్లాడారు, నా కంప్లైంట్ రాసుకున్నారు కూడా. పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పనిచేస్తుంది. పిన్ని పడింది రెండున్నరకి.

ఇక మనం పెట్టే భోజనాల సంగతి. ఇది రాస్తే చాలామందికి కోపం వస్తుందని తెలుసు, మా ఆయనకే వచ్చింది. శని ఆదివారాలు వస్తే ఆ హోమ్‌లో రెండు పుట్టినరోజులు, ఒక పెళ్ళిరోజు, ఎవరిదో ఒక వర్ధంతి. ప్రతివాళ్ళూ ఒక స్వీటు. పద్దెనిమిది మందిలో పదకొండు మందికి షుగర్, ఆదివారం గులాబ్ జామూన్ తిని సోమవారం పొద్దున్న షుగర్ 380. ఎవరు వద్దంటారు, పెద్దవాళ్ళకి అదే పండగ, హోమ్ వాళ్ళకి ఆ పూట వంట ఖర్చు మిగులు. అంతకంటే భయపడేది ఫంక్షన్ హాళ్ళలో మిగిలింది రాత్రి పదకొండింటికి ఆటోలో వేసుకొచ్చి దింపేవాళ్ళంటే. మధ్యాహ్నం వండిన పన్నీర్ కూర, మూత పెట్టిన బిర్యానీ, తెల్లారి వేడిచేసి పెడతారు. మనకైతే రెండుసార్లు విరేచనాలై తగ్గిపోతుంది. ఎనభై ఏళ్ళ మనిషికి, బీపీ మాత్ర వేసుకునే మనిషికి, రాత్రి బాత్రూమ్‌కి వెళ్ళాల్సొస్తుందని నీళ్ళే తాగడం మానేసిన మనిషికి అది హాస్పిటల్ దాకా తీసుకెళ్తుంది. నీళ్ళు మానేయడం మాట నిజం, పిన్ని పక్క మంచం ఆవిడ సాయంత్రం అయిదు తర్వాత గ్లాసు ముట్టుకోదు, మే నెలలో కూడా. బాత్రూమ్ అంటే భయం. మీరు ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచితే లాభమేముంది అక్కడ, ఒక రాడ్డు వేస్తే తాగుతుంది.

పిన్ని కోసం మా బాత్రూమ్‌లో మూడు స్టీలు రాడ్లు, కమోడ్ పక్కన ఒక కాలింగ్ బెల్లు, కిందికి గరుకు మ్యాట్ వేయించాం, ప్లంబర్ కూలీతో కలిపి 2,600 అయింది. కేకుకి ఇంతకంటే ఎక్కువ పెట్టి ఉంటారు ఆ ఫోటోలో.

అమెరికాలో ఆస్ట్రేలియాలో ఉన్న మన పిల్లలకి కూడా ఒక మాట. మీరు వీడియో కాల్ చేసినప్పుడు అమ్మని హాల్లో కుర్చీలో కూర్చోబెట్టి, జడ వేసి, వెనకాల సాయిబాబా ఫోటో వచ్చేలా ఫోన్ పట్టుకుంటారు. మీరు చూసేది ఇక్కడి సాయంత్రం, అదీ హోమ్ వాళ్ళు చెప్పిన టైమే. మీరుండే అమెరికాలో నర్సింగ్ హోమ్‌కి ఎన్ని స్టార్లు, ఇన్‌స్పెక్షన్‌లో ఏం తప్పులు దొరికాయి అన్నీ అక్కడి ప్రభుత్వం నడిపే మెడికేర్ సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు కదా, అక్కడ అలవాటైన ప్రశ్నలు ఇక్కడ అడగడానికి మొహమాటం ఎందుకు? రాత్రి ఎంతమంది స్టాఫ్ ఉంటారు, బాత్రూమ్ ఒకసారి చూపించండి, గేటు చెవి ఎవరి దగ్గరుంది. మూడు ప్రశ్నలు. మేం అడగలేదు, పక్కనే ఉండి కూడా.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనీ నేను అడిగేది పెద్దది కాదండి. పార్లమెంటులో మళ్ళీ బిల్లు వచ్చేదాకా ఆగక్కర్లేదు, పిన్ని ఉన్నలాంటి ప్రైవేటు హోమ్‌లతో సహా జిల్లాలో ఎన్ని ఉన్నాయో, ఎంతమంది ఉంటున్నారో లిస్టు తీసి కలెక్టరేట్ గోడ మీద అంటించండి, వెబ్‌సైట్‌లో పెట్టండి. లిస్టు ఉంటే కదా చూడ్డానికి వెళ్ళేది. వెళ్ళేవాళ్ళు దయచేసి రాత్రి వెళ్ళండి, చెప్పకుండా వెళ్ళండి. పగలు పదకొండింటికి ఫోన్ చేసి వెళ్తే ఫినాయిల్ వాసన, ఉతికిన దుప్పట్లు, నమస్కారాలు కనపడతాయి. రాత్రికి ఎంతమందికి ఒక మనిషి ఉండాలో ఒక అంకె రాయండి, ఏ అంకె రాసినా సరే పద్దెనిమిది మందికి ఒకరు అనైతే రాయలేరు కదా. దానికి ఖర్చు పెరుగుతుంది, హోమ్ రేటు 18 నుంచి 22 అవుతుంది, అది నిజం, కట్టలేనివాళ్ళు ఉంటారు, వాళ్ళ కోసమే ఆ జిల్లాకొకటి, 150 మందికి అన్న హోమ్. ఇప్పుడు ఆ తేడా డబ్బులు ఆయమ్మ నిద్రలోంచి కడుతున్నాం.

నా పేరు వేయొద్దు. పిన్ని స్నేహితురాళ్ళు ఇంకా ఆ హోమ్‌లోనే ఉన్నారు, ఓనరమ్మతో నాకు గొడవ లేదు, పోయిన నెల ఆవిడే ఫోన్ చేసి బాత్రూమ్‌లో రాడ్లు ఎక్కడ కొన్నారని అడిగింది.

పిన్ని ఇప్పుడు మా ఇంట్లోనే వాకర్‌తో నాలుగడుగులు వేస్తోంది, మళ్ళీ హోమ్‌కే వెళ్తానని పట్టు. ఇక్కడ పగలంతా మాట్లాడేవాళ్ళు లేరట, మేమిద్దరం ఆఫీసులకి పోతే గోడలతో మాట్లాడాలా అంటుంది, నిజమే. అందుకని కొత్త హోమ్ ఒకటి చూడ్డానికి మొన్న బుధవారం వెళ్ళాను, ఈసారి రాత్రి పదిన్నరకి. బెల్లు కొడితే పై కిటికీలోంచి ఒకమ్మాయి తొంగిచూసి వస్తున్నా అక్కా అంది. తర్వాత లోపల్నుంచి సొరుగులు లాగుతున్న చప్పుడు, ఇంకెవర్నో లేపుతున్న చప్పుడు. తాళం చెవి దొరికి గేటు తీసేసరికి ఏడు నిమిషాలైంది, ఫోన్లో చూశాను.

ఇట్లు
ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్